వదినగారి కోళ్లు

కుట్టుగది నుంచి,
సోమవారం

వదినగారికి నమస్కారం.

ఫోనులో మాట్లాడదామంటే నా చెవుల సంగతి మీకు తెలిసిందే. మొన్న మీరు “పిల్ల ఎలా ఉంది” అని అడిగితే నాకు “ఇల్లు ఎలా ఉంది” అని వినపడింది. వెనకవైపు పగిలింది, వానొస్తే కారుతోంది అని చెప్పాను. మీరు ఎంత హడలిపోయారో తర్వాత అల్లుడు చెప్తే తెలిసింది. ఇక నుంచి ఉత్తరాలే నయం.

పిల్ల బాగుంది. ఎక్కడా పగల్లేదు. కాన్పయ్యేదాకా అమ్మాయిని మంచం దిగొద్దన్నారు కదా. అల్లుడు ఆఫీసు చూసుకుంటాడా, పెళ్లాన్ని చూసుకుంటాడా, ఈ ఐదేళ్ల పిడుగును చూసుకుంటాడా? మీకేమో ఆసుపత్రిలో డ్యూటీలు. అందుకని నా దగ్గర దింపి వెళ్లాడు. పిల్లను మీ దగ్గర ఉంచలేదని మీరు బాధపడ్డారని విన్నాను. నేను కావాలని అడగలేదు వదినగారూ, వాళ్లే తెచ్చారు.

వచ్చిన రోజు సాయంత్రం “నాన్నమ్మ కావాలి” అని గుక్కపట్టి ఏడ్చింది. తెల్లారేసరికి పెరట్లో నా మూడు కోళ్లను చూసింది. అంతే, ఆ ఏడుపు మళ్లీ వినలేదు. ఇప్పుడు నాకంటే ముందు లేస్తుంది. గూడు తలుపు తీసేది తనే. తెల్లకోడి దొరసాని ముందు దిగాలి, తర్వాత నల్లది మసి, చివర ఎర్రది గయ్యాళి. ఈ వరస తప్పితే గయ్యాళికి ముక్కు మీద ఒక పోటు పడుతుంది. పిడుగు పక్కన నిలబడి “లైనులో రండి” అని వాటిని అదిలిస్తుంది. నిన్న దొరసాని బూడిదలో పొర్లాడి, ఒక రెక్క చాపి, కళ్లు మూసుకుని ఎండలో పడుకుంటే, చచ్చిపోయిందని కేకలు పెట్టుకుంటూ వచ్చింది. అది స్నానం చేస్తోందే పిచ్చిదానా, ఒంట్లో పేలు పోవడానికి అలా చేస్తుంది అంటే నమ్మలేదు. ఆ సాయంత్రం తనూ బూడిద చల్లుకుని వచ్చింది. కడిగేసరికి నా నడుం విరిగింది.

మీరు ఏ దిగులూ పెట్టుకోకండి. మిమ్మల్ని పెద్దగా తలుచుకోవడం లేదు.

మీ కోడలి అమ్మ

*

నర్సుల క్వార్టర్సు,
శుక్రవారం

వదినగారికి,

ఉత్తరం అందింది. గోడ పగులు గురించి అబ్బాయికి చెప్పాను. మేస్త్రీని పంపిస్తానన్నాడు.

పిల్ల మీ దగ్గర సుఖంగా ఉన్నందుకు సంతోషం. నర్సుగా ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి ఒకటి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను, ఏమీ అనుకోకండి. కోళ్లను ముట్టుకున్న ప్రతిసారీ పిల్ల చేతులు సబ్బుతో కడిగించండి. నీళ్లతో తడిపితే కడిగినట్టు కాదు. గూట్లోంచి తీసిన గుడ్డును చెంపకు ఆనించుకుంటోందని తనే చెప్పింది. అది మాన్పించండి. కోళ్లు వంటింట్లోకి వస్తున్నాయో లేదో మీరు రాయలేదు. రావని అనుకుంటాను.

నిన్న ఫోను చేశాను. పిల్ల చాలాసేపు మాట్లాడింది. అంతా కోళ్ల గురించే. నేను ఎలా ఉన్నానని అడగలేదు, చిన్నపిల్ల, అడగాలని కూడా లేదు. చివర మాత్రం ఒక ప్రశ్న వేసింది: “నాన్నమ్మా, నీకు కోళ్లు లేవు కదా, మరి పొద్దున లేచి ఏం చేస్తావు?” ముప్పై మంచాల వార్డు చూసుకుంటానని చెప్పాను. “పాపం” అంది.

పుట్టినప్పుడు ఈ పిల్లను మొదట చేతుల్లోకి తీసుకున్నది నేను. మీరు వచ్చేసరికి స్నానం కూడా అయిపోయింది. ఈ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు.

ఈ నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. తర్వాత నాకు బోలెడంత తీరిక.

మీ అల్లుడి అమ్మ

*

కుట్టుగది,
ఆదివారం

వదినగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే కొత్త సబ్బు కొన్నాను, గులాబీ రంగుది. పిడుగు తన చేతులతో పాటు గయ్యాళి కాళ్లు కూడా దాంతోనే కడిగింది. గయ్యాళి దాని మోచేతి మీద ఒక పోటు పొడిచింది. చర్మం చిట్లలేదు, కంగారు పడకండి. వంటింట్లోకి కోళ్లు రావు. కుట్టుగదిలోకి వస్తాయి. దొరసాని వచ్చి మిషను కింద కత్తిరింపు గుడ్డల బుట్టలో గుడ్డు పెట్టి, ఊరంతా వినేలా అరిచి వెళ్తుంది. నాకా అరుపు వినపడేది సగమే, కాబట్టి బాధ లేదు.

మసి పొదుగుకు కూచుంది. మనిషి దగ్గరికొస్తే ఒళ్లంతా విప్పుకుని బుస్సుమంటుంది. మా కోళ్లవి పుంజు లేని ఉత్తి గుడ్లు, పొదిగినా పిల్లలు కావని, పుంజున్న ఇంటినుంచి గుడ్లు అడిగి తెచ్చి దాని కింద పెట్టాను. రోజుకొక్కసారి మేతకూ నీళ్లకూ దిగుతుంది. ఆ కాసేపూ గుడ్లు చల్లారిపోతాయేమోనని పిడుగు పక్కనే కూచుని వాటి మీద నోటితో ఊదుతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఎక్కడికీ కదలనని ఇప్పటికే చెప్పేసింది. అది మీకు ముందుగా తెలియడం మంచిదని రాస్తున్నాను.

దొరసాని పిడుగు ఒళ్లో నిద్రపోతుంది. నేను గుడ్డు నుంచి పెంచిన కోడి, నా ఒళ్లోకి ఒక్కనాడూ రాలేదు. పోనీలెండి, పిల్లదే కదా.

మొదట ఎత్తుకున్నది మీరే. కాదని నేనెప్పుడూ అనలేదు. అప్పుడు నేనెక్కిన బస్సు దారిలో ఆగిపోయింది వదినగారూ, అది నా తప్పా?

మీ కోడలి అమ్మ

*

కొత్త ఇల్లు, వెనక వాటా,
బుధవారం

వదినగారికి,

రిటైరయ్యాను. వీడ్కోలు బాగా చేశారు. క్వార్టర్సు ఖాళీ చేసి ఈ వాటాలోకి మారాను. రెండు గదులు, వెనక సిమెంటు గచ్చు, దాని అవతల కొంచెం మట్టి నేల.

ఆ నేలలో కోళ్ల గూడు కట్టించాను. ఆసుపత్రి వడ్రంగి చేశాడు. కింద జారుడు రేకు పెట్టించాను, లాగి కడిగేయడమే. ఫారం నుంచి నాలుగు మేలురకం కోళ్లను తెప్పించాను, గోధుమ రంగువి. నాలుగూ ఒకేలా ఉంటాయి, అందువల్ల కాళ్లకు రంగు దారాలు కట్టాను. గుడ్లు బాగా పెడతాయని ఫారం అతను చెప్పాడు.

ఇంకా పెట్టడం లేదు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, దీనికి కారణం ఏమై ఉంటుంది? మేత కొలిచే పెడుతున్నాను. నీళ్లు రోజుకు మూడుసార్లు మారుస్తున్నాను. గూట్లో ఫినాయిలు వేసి కడుగుతున్నాను. అయినా నన్ను చూస్తే నాలుగూ మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇంజెక్షను తెచ్చినదాన్ని చూసినట్టు చూస్తాయి.

పిల్లకు ఫోనులో నాలుగు కోళ్లని చెప్పాను. “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెట్టుకుంది. తర్వాత “అమ్మమ్మకు మూడే” అంది. నాకు ఎంత సంతోషం వేసిందో రాస్తే మీరు నవ్వుతారు.

ఇక నాకు తీరికే కాబట్టి, మీకు స్కూలు యూనిఫారాల కుట్టు మొదలయ్యే రోజులు కాబట్టి, పిల్లను కొన్నాళ్లు నా దగ్గరికి పంపితే మీకూ వెసులుబాటుగా ఉంటుంది. ఆలోచించండి.

మీ అల్లుడి అమ్మ

*

కుట్టుగది,
శనివారం

వదినగారికి నమస్కారం.

నాలుగు కోళ్లు. బాగుంది. మీరు కోళ్లను పెంచుతారని కలలో కూడా అనుకోలేదు. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు గయ్యాళి మీ చెప్పు మీద రెట్ట వేస్తే మీరు ఆ చెప్పుల జతనే పారేశారు.

అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఫినాయిలు మానేయండి, ఆ వాసనకు మనమే ఉండలేం. గూట్లో ఒక మూల మసకగా ఉంచి, ఎండుగడ్డి వెయ్యండి. పదిమంది చూస్తుంటే గుడ్డు ఎవరు పెడతారు? ఉడికించిన గుడ్ల పెంకులు ఎండబెట్టి పొడి చేసి మేతలో కలపండి. చోటు మారిన కోడి కొన్నాళ్లు గుడ్డు పెట్టదు, దాన్ని తొందరపెట్టకూడదు. చోటు మారిన పిల్లలూ అంతే. ఇప్పుడిప్పుడే ఇక్కడ కుదురుకుంది. మళ్లీ కదిలిస్తే బెంగ పెట్టుకుంటుంది.

పైగా కొంచెం జలుబు చేసింది. మసి గుడ్లు కూడా ఇంకా పిగలలేదు. యూనిఫారాల గురించి మీరు దిగులుపడొద్దు, పిడుగు బొత్తాలు అందిస్తుంటే నాకు పని ఇంకా తొందరగా తెములుతోంది.

మీ కోడలి అమ్మ

*

వెనక వాటా,
మంగళవారం

వదినగారికి,

జలుబు లేదని పిల్లే చెప్పింది.

నేను అబ్బాయితో మాట్లాడాను. కోడలితో కూడా. చెరి కొన్నాళ్లు ఉంచుకోవడం న్యాయమని వాళ్లిద్దరూ అన్నారు. ఆదివారం అబ్బాయి వచ్చి పిల్లను తీసుకొస్తాడు. పిల్ల ఒప్పుకుంది. నేను ఏమీ ఆశ పెట్టలేదు. నాలుగు కోళ్లకూ పేర్లు నువ్వే పెట్టాలి అన్నాను, అంతే.

ఒక షరతు పెట్టింది. దొరసానిని వెంట తెచ్చుకుంటుందట. మీకు అభ్యంతరం లేకపోతే పంపండి. ఉంటే చెప్పండి, ఆ మాట పిల్లకు మీరే చెప్పాల్సి ఉంటుంది.

మీ అల్లుడి అమ్మ

*

కుట్టుగది,
ఆదివారం ఉదయం

వదినగారికి,

అల్లుడి చేతికే ఈ కాగితం ఇస్తున్నాను. పిల్ల బట్టలు నీలం సంచిలో ఉన్నాయి. కొత్త గౌను ఒకటి కుట్టాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఎదుగుతుంది కదా అని. దొరసాని మూత బుట్టలో ఉంది. దారిలో ఎండ తగలనివ్వొద్దని చెప్పాను.

దొరసాని మెత్తని కోడి. ఇక్కడ దానిదే పెత్తనం కాబట్టి ఎవరితోనూ దెబ్బలు తిని ఎరగదు.

మిగతాది మీకు చెప్పేదేముంది. వార్డులే నడిపినవారు.

మీ కోడలి అమ్మ

*

వెనక వాటా,
గురువారం

వదినగారికి,

ఈ ఉత్తరం రాయడానికి కొంచెం ఆగాను. కోపంలో రాయకూడదనుకున్నాను. కోపం తగ్గలేదు. రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం పిల్ల ఎంతో సంబరంగా బుట్ట మూత తీసి, దొరసానిని నా నాలుగు కోళ్ల మధ్య దింపింది. “మీ కొత్త ఫ్రెండు” అని పరిచయం చేసింది. ఆ మాట పూర్తికాక ముందే నాలుగూ మీద పడ్డాయి. నేను చీపురు తీసుకుని పరిగెత్తేసరికి దొరసాని గూడు మూలలో తల దూర్చి కూచుంది. శిఖ సగం చీలింది. వీపు మీద ఈకలు లేవు, చర్మం లేచిపోయింది. తెల్లకోడి ఎర్రకోడి అయింది. పిల్ల అదంతా చూసింది. బుట్ట మూత చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

దొరసానిని స్నానాలగదిలో పెట్టాను. ఉప్పునీళ్లతో పుండ్లు కడిగాను, ఊదారంగు మందు పూశాను. చెంచాతో నీళ్లు పట్టాను. బతుకుతుందనే నమ్మకం నాకుంది, ఇంతకంటే చెడిపోయిన పుండ్లను చూశాను. పిల్ల సంగతే నాకు పాలుపోవడం లేదు. నాతో మాట్లాడటం లేదు. నా కోళ్లకు పెట్టిన పేర్లు వెనక్కి తీసేసుకుంది. నిన్న ఒక్క మాట అంది: “నీ కోళ్లు చెడ్డవి. నీలాగే.”

మేత కొట్టతన్ని అడిగాను. అతను నవ్వాడు. కొత్త కోడిని పాతవాటిలో నేరుగా ఎవరైనా వదులుతారా అమ్మా, మధ్య వల కట్టి కొన్నాళ్లు చూపులకు అలవాటు చేయాలి, కోళ్లు పెంచే వాళ్లందరికీ తెలిసిన సంగతే అన్నాడు.

అందరికీ తెలుసట వదినగారూ. మీకు తెలుసు. ఎండ తగలనివ్వొద్దని రాశారు. గౌను పొడుగని రాశారు. ఇది రాయలేదు. నా మీద కోపం ఉంటే నన్ను అనాల్సింది. ఆ కోడి ఏం చేసింది, పిల్ల ఏం చేసింది?

*

కుట్టుగది,
ఆదివారం

వదినగారికి,

మీరు ఈసారి కింద సంతకం కూడా పెట్టలేదు. పెట్టకపోయినా సరే.

తెలుసు. ఆ రోజు పొద్దున కలం కొస దాకా వచ్చింది ఆ మాట. బుట్టలో కూచున్న కోడిని చూశాను, “నాన్నమ్మకు నాలుగు కోళ్లు” అని గంతులేస్తున్న పిల్లను చూశాను, కాగితం మడిచేశాను. కాస్త కొట్లాడుకుంటాయి, మీకు విసుగొస్తుంది, పిల్ల నన్ను అడుగుతుంది అనుకున్నాను. రక్తం దాకా పోతుందనుకోలేదు. అనుకోవాల్సింది. పిల్లకు ఇది అమ్మమ్మ చేసిన పనే అని చెప్పండి. మీ మీద అది కోపంగా ఉండటం న్యాయం కాదు.

కానీ మీరు కూడా ఒక మాట ఒప్పుకోండి. కోళ్లంటే పడని మీరు నాలుగు కోళ్లను తెచ్చింది గుడ్ల కోసం కాదు. నాకు మీలాగా జీతం లేదు, మాట్లాడుదామంటే చెవులు లేవు, పిల్లకు నా దగ్గర ఉన్న గొప్పల్లా ఆ మూడు కోళ్లే. ఆ ఒక్కటీ మీరు కొనేశారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

పిల్ల వెళ్లాక మసి గుడ్లు పిగిలాయి. ఆరు పిల్లలు. రెక్కల కింద నుంచి ఒక తల బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది. చూడవే అని పక్కకు తిరిగాను, ఎవరూ లేరు.

ఇప్పుడు చెప్పాల్సినవి అన్నీ చెప్తున్నాను. పుండ్లు పూర్తిగా మానేదాకా దొరసానిని వాటికి చూపించొద్దు. ఎర్రగా కనబడితే మళ్లీ పొడుస్తాయి, మీరు ఊదా మందు పూసి మంచి పని చేశారు. మానాక వల అవతల ఉంచండి, ఇటొక గిన్నె, అటొక గిన్నె, ఒకేసారి మేత వెయ్యండి. వల దగ్గర ఈకలు లేపి ఎగరడం మానేశాక, నాలుగింటిలో మెత్తనిదాన్ని ఒక్కదాన్ని దొరసాని వైపు పంపండి. అవి రెండూ కలిస్తే మిగతావి తగ్గుతాయి. మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. కొంచెం పొడుచుకుంటాయి, దానికి మధ్యలోకి దూరకండి. రక్తం వస్తేనే దూరండి.

అది బతకాలి. అదొక్కటే అడుగుతున్నాను.

*

వెనక వాటా,
శుక్రవారం

వదినగారికి,

బతికింది. శిఖ వంకరగా అతుక్కుంది. వీపు మీద కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్నాయి. పుండ్లు మానాక మీరు చెప్పినట్టే వల కట్టాను. ఎర్రదారం కోడిని ఇటు పంపాను, రెండూ ఒకే కర్ర మీద పడుకుంటున్నాయి.

మీరు చేశారని పిల్లకు చెప్పలేదు. చెప్దామని నోరు తెరిచాను. తనకిక ఇద్దరిలో ఒక్క నేనే మిగులుతానని ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ సంతోషం చూసి నాకే భయం వేసి ఊరుకున్నాను. ఎవరికీ తెలియక జరిగిందని చెప్పాను. అందులో నా వంతు నిజమే.

కోళ్లను గుడ్ల కోసం తేలేదు. మీరు రాసింది సరే.

ఇప్పుడు కొత్త గొడవ వచ్చింది. చెంచాతో నీళ్లు పట్టినందుకో ఏమో, దొరసాని నన్ను వదలడం లేదు. నేను బట్టలుతికితే బకెట్టు పక్కన, పేపరు చదివితే కుర్చీ కింద. నిన్న నా ఒళ్లోకి ఎక్కి నిద్రపోయింది. పిల్ల గుమ్మంలో నిలబడి చూసి, ఇన్నాళ్లకు నోరు విప్పింది. “అది నా కోడి. నువ్వు లాగేసుకున్నావు. అమ్మమ్మతో చెప్తాను.” ఆ మాట మీకు రాయమని నా పక్కనే కూచుంది. రాశానో లేదో అక్షరాలు లెక్కపెడుతోంది. దాని మొహం చూస్తే మీ మొహం, నా మొహం రెండూ కనిపిస్తున్నాయి. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లి నవ్వుకుని వచ్చాను.

ఇంకొక సంగతి. మీకీపాటికి తెలిసే ఉంటుంది. డాక్టరు కాన్పు ఆపరేషను ముందుకు జరిపింది. కోడలు నిన్న ఫోను చేసి, అమ్మ వచ్చి ఉంటే ధైర్యంగా ఉంటుంది అంది. ఎన్నో కాన్పులు చూసినదాన్ని నేను. నన్ను రమ్మనలేదు. మిమ్మల్ని రమ్మంది. నాకు కుళ్లుగా ఉంది వదినగారూ. మంచిమాటలు వెతకలేదు, ఉన్నది రాసేశాను. మీరు వెళ్లండి. ఈసారి బిడ్డను మీరే ముందు ఎత్తుకోండి.

మీ అల్లుడి అమ్మ

*

కుట్టుగది,
బుధవారం

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. నేను రేపు పొద్దున బస్సులో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను.

వెళ్తే ఇక్కడ రెండు కోళ్లు, ఆరు పిల్లలు ఉన్నాయి. పక్కింటివాళ్లు చూస్తామన్నారు. వాళ్లను కాదని మిమ్మల్ని అడుగుతున్నాను. పిడుగును తీసుకుని మా ఇంటికొచ్చి ఉండండి. మీ నాలుగింటినీ వడ్రంగికి అప్పజెప్పండి, దొరసానిని మాత్రం తీసుకురండి. ఇంతకాలం కనబడలేదు కాబట్టి గయ్యాళి దాన్ని కొత్తదానిలాగే చూస్తుంది, పెత్తనం మరిగింది కూడా. పెరట్లో వల కట్టించి ఉంచాను.

కోడిపిల్లల్ని చూస్తే పిడుగు మీ మాట కూడా మరిచిపోతుంది, నా మాట కూడా. వాటి నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేశాను, మునగకుండా. తీసేయొద్దు. సాయంత్రం మసి వాటిని గూట్లోకి పిలుస్తుంది, మీరు తరమక్కర్లేదు. వెనక కంచె కింద ఒకచోట నేల గుంట పడింది, అక్కడ ఇటుక పెట్టాను, పొద్దున ఒకసారి చూడండి. గోడ మేస్త్రీ బాగుచేశాడు, వాన కారడం లేదు.

నా ఇంట్లో, నా పెరట్లో, నా మనవరాలితో మీరు ఉంటారని తలుచుకుంటే కడుపులో ఇప్పటికీ మండుతోంది. తాళం పక్కింట్లో ఇచ్చాను.

ఇంకొకటి, ఇది తెలియకపోతే మీకు కష్టమవుతుంది. కొత్తవాళ్లు దగ్గరికొస్తే మసి పిల్లల్ని వేసుకుని పొదల్లోకి పోతుంది, రోజంతా బయటికి రాదు. అది నా మొహం చూసి కాదు, పని చేసేటప్పుడు నేను వేసుకునే బూడిదరంగు ఏప్రను చూసి వస్తుంది. వేరే బట్టల్లో వెళ్తే నన్ను కూడా గుర్తుపట్టదు. తలుపు వెనక మేకుకు ఏప్రను తగిలించి ఉంది. వేసుకోండి, మీరే నేననుకుంటుంది. నా ఒంటికి కుట్టింది మీకు సరిపోదని రెండు పక్కలా విప్పి వదులు చేసి కుట్టాను. ఒకసారి వేసుకుని చూసి, ఇంకా బిగుతుగా ఉంటే చెప్పండి. లోపల గుడ్డ ఇంకా మడిచి ఉంచాను.

మీ వదిన